మూసీ ఒండ్రు, బంగాళాఖాతం బురద: ఒక ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

ప్రశ్న ఒక్కటే. బంగాళాఖాతంలో రెండు మూడు కిలోమీటర్ల లోతుకు గొట్టం దింపి పైకి తీసిన బురద ఏ నేల నుంచి కొట్టుకొచ్చింది? హిమాలయాల నుంచా, మహారాష్ట్ర నల్లరాతి (లావా గడ్డకట్టిన బసాల్ట్) నుంచా, మన నల్లగొండ, పాలమూరు గుట్టల నుంచా?

మిర్యాలగూడలో కూర్చుని సముద్రం మట్టి సంగతి మీకెందుకయ్యా అని స్టాఫ్ రూమ్‌లో అప్పుడే జోకులు మొదలయ్యాయి. నిజానికి మాకు ఓడ అక్కర్లేదు. ఓడల మీద తీసిన మట్టి కొలతలు పరిశోధన పత్రాల్లో పట్టికలుగా దొరుకుతాయి. పోల్చుకోవడానికి ఇటువైపు లెక్కలు కావాలి. పెద్ద నదుల ముఖద్వారాల దగ్గర మట్టి తీసినవాళ్లు చాలామంది. కృష్ణలో కలిసే చిన్న నదులు, వాగుల దాకా వచ్చినవాళ్లు తక్కువ. ఆ పని మనం చేయొచ్చు. కాలేజీ ఇచ్చిన చిన్న గ్రాంటు ఉంది, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే ఇద్దరు పిల్లలున్నారు. అమ్మాయిది దేవరకొండ, అబ్బాయిది నకిరేకల్. హైదరాబాద్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ (ఎక్స్‌రేలతో మట్టిలోని మూలకాలు కొలిచేది) ఉన్న ల్యాబ్‌లో నా పాత క్లాస్‌మేట్ ఉన్నాడు.

పిల్లలకు మొదటిరోజు చెప్పింది ఇదీ. రాయి మట్టిగా మారేటప్పుడు సోడియం, కాల్షియం నీళ్లలో కరిగి పోతాయి. వాటిని నమ్ముకుని రాయి ఊరు పేరు చెప్పలేం. టైటానియం, అల్యూమినియం, థోరియం, స్కాండియం, నియోడిమియం లాంటివి సులువుగా కరగవు. రాయి పిండిపిండి అయినా, వెయ్యి కిలోమీటర్లు కొట్టుకుపోయినా, వాటి నిష్పత్తులు చాలావరకు అలాగే మిగులుతాయి. దక్కన్ నల్లరాతిలో టైటానియం ఆక్సైడ్ మామూలుగా రెండు మూడు శాతం. మన గ్రానైట్‌లో అందులో చిన్న వంతు. థోరియం అయితే దీనికి తిరగబడి ఉంటుంది, గ్రానైట్‌లోనే ఎక్కువ. లంబాపూర్, పెద్దగట్టు వైపు యురేనియం బయటపడింది కూడా ఈ గ్రానైట్‌కూ దాని మీది శ్రీశైలం క్వార్ట్‌జైట్‌కూ మధ్య అతుకులోనే.

మూసీనే ఎందుకు ఎంచుకున్నామంటే, దాని జవాబు మనకు ముందే తెలుసు. వికారాబాద్ అనంతగిరి కొండల్లో నల్లరాతి మీద పుడుతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల చుట్టుపక్కల నల్లరేగడి తగ్గి ఎర్రచెల్క మొదలవుతుంది. అక్కడి నుంచి వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా దాదాపు అంతా గ్రానైటే. రెండు నేలలు ఒక్క నదిలో ఎలా కలుస్తాయో ఇక్కడ పట్టుకోలేకపోతే సముద్రం అడుగున పట్టుకోగలమని చెప్పుకోవడం దండగ.

జూన్

వానలు గట్టిగా పడకముందే నమూనాలు తీయాలి. ఒకసారి నది నిండిందంటే ఒడ్డు అందదు.

స్టీలు పార, ఇనుప తాపీ వద్దన్నాను. స్టీలు నుంచి క్రోమియం, నికెల్ అంటుకుంటాయి. ప్లాస్టిక్ గరిటెలు, కొత్త జిప్‌లాక్ కవర్లు, పర్మనెంట్ మార్కర్, అంతే సరంజామా. నది మలుపు లోపలివైపు, నీళ్లు నెమ్మదించే చోట, పైపైన పరుచుకున్న మెత్తటి ఒండ్రు మాత్రమే తీయాలి. ఇసుక వద్దు. ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువై మిగతా అన్నిటినీ పలచన చేస్తుంది. పైగా లోతు సముద్రం దాకా ఎక్కువగా చేరేది మెత్తటి మట్టే.

అనంతగిరి కింద తీసిన మట్టిని కవర్‌లోనే ఆరబెట్టి, బయటి నుంచి అయస్కాంతం ఆనిస్తే నల్లటి రేణువులు గుంపుగా లేచి ప్లాస్టిక్‌కు అంటుకున్నాయి. టైటానియం కలిసిన మాగ్నెటైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. దేవరకొండ దగ్గరి వాగు మట్టి మీద అదే అయస్కాంతం పెడితే నాలుగైదు రేణువులు కదిలాయి, అంతే. ఏ మిషనూ లేకుండా చూపించగలిగిన తేడా ఇది. అబ్బాయి వీడియో తీసుకున్నాడు.

గండిపేట పైన ఒకచోట, కింద వలిగొండ దగ్గర, కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టులో, చివర వాడపల్లిలో తీశాం. వలిగొండ దగ్గర నీటి మీద తెల్లటి నురగ గుట్టలుగా తేలుతోంది. పక్కనే ఆ నీళ్లతోనే వరి. గ్లవ్స్ వేసుకుని తీశాం. ఊళ్లోవాళ్లు ఒట్టి కాళ్లతో అందులోనే దిగి నారు పీకుతున్నారు. ఆ చోట ఇంకేం మాట్లాడాలనిపించలేదు.

వాడపల్లిలో సంగమం దగ్గర నది మధ్యలోని మెరక మీద మట్టి కావాలి. పడవాయన తీసుకెళ్లాడు. మేం ఒండ్రు ఎత్తి కవర్ల మీద నంబర్లు రాస్తుంటే చాలాసేపు చూసి అడిగాడు: "ఏం సారూ, బంగారం గిట్ల ఉన్నదా ఏంది దీంట్ల?"

"లేదే. ఈ మట్టి యాడికెల్లి వచ్చిందో చూస్తున్నం."

"గదానికి గింత కష్టమెందుకు? ఎర్రగుంటె మూసీది, నల్లగుంటె కృష్ణది. వరదొచ్చినప్పుడు చూడుండ్రి, రెండు రంగులు పక్కపక్కన పోతయి."

అమ్మాయి వెంటనే నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆయన మాటలో చాలా ఉంది. ఎగువన కృష్ణ, భీమ రెండూ నల్లరేగడి నేలల్లోంచే వస్తాయి. కాకపోతే ఆ నల్లటి ఒండ్రులో చాలా వంతు ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనక పూడికగా ఆగిపోతోంది. సాగర్ 1967లో పూర్తయింది. మరి ఆయన చెప్పే రెండు రంగులు తను చూసినవా, తండ్రి దగ్గర విన్నవా అన్నది తర్వాత అడగాలి.

జులై

ల్యాబ్ పని. చెప్పడానికి తక్కువ, చేయడానికి ఎక్కువ.

ముందు 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) జల్లెడలో తడిగా జల్లించాలి. కింద దిగిన దాంట్లోంచి రెండు మైక్రాన్ల కంటే మెత్తటి బంకమట్టిని వేరు చేయాలి. దీనికి ఖరీదైన సామాను లేదు, పొడవాటి గాజు జాడీ, గడియారం చాలు. మట్టిని నీళ్లలో బాగా కలిపి వదిలేస్తే పెద్ద రేణువులు ముందు దిగుతాయి. రెండు మైక్రాన్ల రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల నీళ్లలో సుమారు 8 గంటలు పడుతుందని పుస్తకం చెబుతుంది. మా ల్యాబ్‌లో నీళ్లు 30 డిగ్రీలకు తగ్గడం లేదు. వేడికి నీళ్ల చిక్కదనం తగ్గి రేణువు తొందరగా దిగుతుంది, ఆరున్నర గంటలే సరిపోతుంది. 8 గంటలు ఆగితే మనకు కావలసిన రేణువుల్లో పెద్దవి కూడా అడుక్కు పోతాయి. అందుకే ప్రతి జాడీలో థర్మామీటర్ వేలాడదీశాం. పొద్దున కలిపితే మధ్యాహ్నం కాలేజీ వదిలే వేళకు పిపెట్ పెట్టొచ్చు.

బంక రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా మామూలుగా సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేస్తారు. మేం వేయలేదు. సోడియం, ఫాస్ఫరస్ రెండూ కొలవబోతున్నప్పుడు ఆ రెండిటినే జాడీలో పోయడం ఏం పద్ధతి? కొద్దిగా అమోనియా చుక్కలతో సరిపెట్టాం. నల్లరేగడికి అది బాగానే పనిచేసింది. చెల్క మట్టి మొండికేసింది. మళ్లీ మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఉప్పు వదిలించాక దారికొచ్చింది.

సున్నం తీసేయడానికి పలచటి ఎసిటిక్ యాసిడ్. మన నేలల్లో సుద్దగడ్డలు ఉంటాయి, సముద్రం మట్టిలో గవ్వపురుగుల చిప్పలు ఉంటాయి. రెండూ సున్నమే, రెండూ రాయి గురించి ఏమీ చెప్పవు. సముద్రం మట్టికి ఇంకో మెట్టు కూడా ఉంది. రేణువుల మీద ఇనుము, మాంగనీసు పూతలా పట్టి ఉంటుంది. ఆ పూతలో ఉన్న నియోడిమియం సముద్రపు నీళ్లది, రాతిది కాదు. దాన్ని హైడ్రాక్సిలమైన్ హైడ్రోక్లోరైడ్‌తో కడిగేస్తే కానీ అసలు మట్టి మాట్లాడదు.

పిల్లలు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గురించి అడిగారు. రాతిని పూర్తిగా కరిగించాలంటే అదే కావాలి. మా కాలేజీలో అది తెరిచే ప్రసక్తే లేదని చెప్పేశాను. ఫ్లోరైడ్ అంటే ఏంటో నల్లగొండ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ యాసిడ్ సంగతి మాత్రం వేరు, చర్మం మీద పడితే లోపలి కాల్షియాన్ని పట్టేస్తుంది, అరచెయ్యంత చోట పడినా ప్రాణం మీదికొస్తుంది. సరైన హుడ్, దగ్గర్లో మందు, అలవాటైన చేయి ఉన్నచోటే ఆ పని జరగాలి.

ఆగస్టు

ఎక్స్‌ఆర్‌ఎఫ్ లెక్కలు వచ్చాయి. టెన్షన్‌తో తెరిచాం.

గండిపేట పైన టైటానియం, అల్యూమినియం నిష్పత్తి అనంతగిరి వైపే ఉంది. బాగుంది. గండిపేట దాటాక ఒక్కసారిగా పడిపోయింది. వలిగొండకు వచ్చేసరికి దేవరకొండ వాగుకూ మూసీకీ పెద్ద తేడా లేదు. కొద్దికొద్దిగా తగ్గుతుందనుకున్నది మెట్టు దిగినట్టు దిగింది.

అబ్బాయి మ్యాప్ తెరిచి చూపించాడు, కారణం కట్ట రూపంలో కనబడుతూనే ఉంది. 1908 వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే గండిపేట చెరువు, 1920 నుంచి మూసీని ఆపుతోంది. 1927 నుంచి హిమాయత్‌సాగర్ మూసీ ఉపనది ఈసీని ఆపుతోంది. నల్లరాతి ఒండ్రు వందేళ్లుగా ఆ రెండు చెరువుల అడుగునే కూర్చుంటోంది. కింద వాడపల్లికి వచ్చే మట్టిలో గ్రానైట్ మట్టీ, హైదరాబాద్ మహానగరం మురుగూ.

ఆ మురుగు ఎంత దూరం వెళ్లిందో కూడా లెక్కల్లో ఉంది. నగరం కింద జింకు, క్రోమియం, ఫాస్ఫరస్ అన్నీ లేచి కూర్చున్నాయి. మామూలుగా క్రోమియం, నికెల్ చూసి నల్లరాతి మట్టి అని చెప్పడం పాత అలవాటు. మూసీలో ఆ అలవాటుతో పోతే వలిగొండ అనంతగిరి కంటే నల్లరాతి ఊరని తేలుతుంది! ఫ్యాక్టరీలు, డ్రైనేజీ ఉన్న నదిలో ఈ రెండిటి సాక్ష్యం చెల్లదు. టైటానియం, అల్యూమినియం, స్కాండియం, థోరియం వరకే ఉండాలి. స్కాండియంను ఎక్స్‌ఆర్‌ఎఫ్ సరిగా పట్టదు, కాల్షియం గీత దాని పక్కనే వచ్చి కప్పేస్తుంది. దానికి ఐసీపీ-ఎంఎస్ (అతి కొద్ది మోతాదులను కూడా కొలిచే ఇంకో మిషన్) కావాలి, క్యూలో ఉన్నాం.

సెప్టెంబర్

నది కలపనన్నది మేమే కలుపుదామని గుడ్డి పరీక్ష పెట్టుకున్నాం. అనంతగిరి నల్లమట్టి, దేవరకొండ ఎర్రమట్టి, రెండూ ఆరబెట్టి, అగేట్ రోట్లో నూరి సిద్ధంగా ఉన్నాయి. అమ్మాయి తనకు నచ్చిన పాళ్లలో కలిపి కవర్ల మీద అక్షరాలు మాత్రం రాస్తుంది. అబ్బాయి ఎక్స్‌ఆర్‌ఎఫ్ లెక్కలు చూసి పాళ్లు చెప్పాలి.

టైటానియం, అల్యూమినియం నిష్పత్తితో లెక్క కట్టాడు. చాలా కవర్లకు జవాబు దగ్గరగా వచ్చింది. ఒక కవర్‌కు మాత్రం "ఎర్రమట్టి చాలా ఎక్కువ" అన్నాడు. అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ కవర్లో సగానికి సగం నల్లమట్టి, ఎర్రమట్టి కలిపి, దాంట్లో గూడూరు అభ్రకం పొడి కూడా వేసిందట. "సార్, హిమాలయాల మట్టిలో అభ్రకం ఎక్కువని మీరే చెప్పారు కదా. అందుకే గంగను కలిపాను!"

ఈ ప్రాజెక్టులో ఇంతవరకు జరిగిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చిందీ ఇదే. మూడో మట్టి వచ్చి చేరిందని సమీకరణం ఒక్క మాట కూడా అనలేదు. రెండు మూలాలని మనం చెప్పాం కాబట్టి రెండిటికీ పాళ్లు పంచి, చూడ్డానికి నీటుగా ఉన్న తప్పుడు జవాబిచ్చింది. పొటాషియం, అల్యూమినియం నిష్పత్తిని రెండో అక్షంగా పెట్టి గీస్తే విషయం బయటపడింది. మిగతా కవర్లన్నీ నల్లమట్టికీ ఎర్రమట్టికీ మధ్య ఒకే గీత మీద ఉన్నాయి. అభ్రకం కవర్ గీత వదిలి పైకి పోయింది.

లోతు సముద్రంలో ఇదే చిక్కు పెద్ద ఎత్తున ఉంది. అక్కడ అందరూ నమ్మేది నియోడిమియం ఐసోటోపుల్ని, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని. సమేరియం-147 క్షీణించి నియోడిమియం-143 అవుతుంది. దాని అర్ధాయువు 10,600 కోట్ల ఏళ్లు, అంటే భూమి వయసు దాని ముందు లెక్కలోకి రాదు. రాయి భూగర్భం నుంచి వేరుపడి పైపొరలో చేరినప్పుడు నియోడిమియంతో పోలిస్తే దానిలో సమేరియం తగ్గిపోతుంది. అప్పటి నుంచి ఆ రాతిలో నియోడిమియం-143 పెరగడం వెనకబడుతుంది. ఎంత పాత రాయి అయితే అంత వెనకబాటు. దాన్ని పదివేలలో పాళ్లుగా చెబుతారు, పేరు ఎప్సిలాన్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ నల్లరాతికి ఇది ఇంచుమించు సున్నా, దానికి కొంచెం అటూ ఇటూ. 250 కోట్ల ఏళ్ల వయసున్న మన వైపు గ్రానైట్, నైస్ రాళ్లకు మైనస్ 35 ప్రాంతం. నడిమధ్య, మైనస్ 15 దగ్గర, ఎగువ హిమాలయాల రాళ్లు.

ఇప్పుడు బోర్డు మీద చేసిన లెక్క. నల్లమట్టిలో నియోడిమియం 20 పీపీఎం (పది లక్షల్లో 20 పాళ్లు), ఎప్సిలాన్ సున్నా అనుకుందాం. గ్రానైట్ మట్టిలో 30 పీపీఎం, మైనస్ 35 అనుకుందాం. చెరి సగం కలిపితే మైనస్ 17.5 రావాలని పిల్లలిద్దరూ ఒకేసారి అన్నారు. రాదు, మైనస్ 21 వస్తుంది. గ్రానైట్ మట్టిలో నియోడిమియం ఎక్కువ కాబట్టి దాని మాటకు బరువెక్కువ. సరే, నల్లమట్టి మూడింట రెండొంతులు, గ్రానైట్ మట్టి ఒక వంతు కలిపితే? లెక్క కడితే సరిగ్గా మైనస్ 15.

హిమాలయాల అంకె అది. హిమాలయాల మట్టి రేణువు ఒక్కటి కూడా కలపలేదు.

అంటే బంగాళాఖాతం మధ్యలో తీసిన బురదకు మైనస్ 15 వచ్చిందనుకోండి, అది గంగ తెచ్చిందీ కావొచ్చు, కృష్ణా గోదావరులు రెండు నేలలు కలిపి తెచ్చిందీ కావొచ్చు. నియోడిమియంను ఎంత ఖరీదైన మిషన్‌తో కొలిచినా అది ఈ తగువు తీర్చదు. టైటానియం తీరుస్తుంది, నల్లరాతి మట్టి అయితే అది ఎక్కువ ఉండి తీరాలి. స్ట్రాన్షియం ఐసోటోపులు సాయం పడతాయి, హిమాలయాల మట్టిలో స్ట్రాన్షియం-87 బాగా ఎక్కువ. బంక ఖనిజాలు చూస్తే ఇంకా తేలిక: నల్లరేగడిది స్మెక్టైట్, ఎండితే నెర్రెలు విచ్చే గుణం దాన్నుంచే వస్తుంది. హిమాలయాలది ఇల్లైట్, క్లోరైట్. ఇవి కూడా ఒక్కొక్కటీ విడిగా నమ్మదగినవి కావు. స్ట్రాన్షియం రేణువు సైజును బట్టి మారిపోతుంది, సముద్రపు నీటి సున్నం సరిగా కడగకపోతే సముద్రపు నీటి స్ట్రాన్షియం-87/86 నిష్పత్తి 0.7092 వైపు లాగేస్తుంది. నియోడిమియంకు సైజు పట్టింపు అంతగా లేదు. ఒకదాని బలహీనత ఇంకొకదానికి లేదు కాబట్టే అన్నీ కలిపి చూడాలి.

అక్టోబర్

సముద్రం పట్టికలు తీసుకుని కూర్చున్నాం. 2015లో ఐఓడీపీ (సముద్రం అడుగున బోర్లు వేసే అంతర్జాతీయ కార్యక్రమం) 354వ యాత్ర 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద బెంగాల్ ఫ్యాన్‌కు అడ్డంగా వరుస బోర్లు వేసింది. ఈ ఫ్యాన్ దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున సముద్రం అడుగున పరుచుకున్న మట్టి మేట. గంగా బ్రహ్మపుత్రలు ఏటా వంద కోట్ల టన్నుల దరిదాపుల్లో మట్టి తెస్తాయి. ముఖద్వారం దాటిన బురద కాలువలు చీల్చుకుంటూ సముద్రం అడుగునే శ్రీలంక అవతలి దాకా పరుగెడుతుంది. అంత మట్టి ముందు మన కృష్ణ వాటా ఏపాటి? నడిసముద్రంలో దాన్ని వెతకడం వృథా అని నా అభిప్రాయం. వెతకాల్సింది మన తీరం దగ్గరి వాలులోనే.

అక్కడ మంచి కోరే (గొట్టంతో పొరలు చెదరకుండా తీసిన మట్టి కడ్డీ) ఉంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన గ్యాస్) కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో డ్రిల్లింగ్ చేసినప్పుడు తీసిన 16ఏ కోర్. దాని మీద శాస్త్రవేత్త లివియు గియోసాన్ బృందం 2017లో రాసిన పత్రాన్ని పిల్లలతో వాక్యం వాక్యం చదివించాను. వాళ్లు గోదావరి తెచ్చిన మట్టిని లెక్కగట్టి చెప్పింది, గత కొన్ని వేల ఏళ్లలో వానాకాలం బలహీనపడ్డాక నేల కోత బాగా పెరిగిందని, కొత్త రాతియుగం, ఇనుపయుగం రైతుల సేద్యం దాన్ని ఇంకా ఎగదోసిందని. చెట్టూ చేమా తగ్గిన నేల మీద పడ్డ వాన తక్కువైనా ఎక్కువ మట్టిని లాక్కుపోతుంది. మన ముడుమాల్ నిలువురాళ్లు కూడా పాత యుగాలవే, కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. వాటిని నిలబెట్టినవాళ్ల పొలాల మట్టి కూడా ఎంతో కొంత సముద్రం చేరే ఉంటుందని అమ్మాయి అంది. ఉండొచ్చు. కృష్ణ వైపు చూపించాలంటే కృష్ణ వైపు కోర్ కావాలి, గోదావరి కోర్ చూపి చెప్పకూడదు.

ఇక మూసీ. ఆనకట్టలకు ముందు మూసీ ఏం తెచ్చేదో తెలియాలంటే పాత ఒండ్రు కావాలి. వాడపల్లిలో ఒడ్డు కోసుకుపోయిన చోట, పై పొరల కింద ముదురు రంగు మెత్తటి పొర ఒకటి కనబడింది. తీసి కొలిస్తే టైటానియం పైకి చూపిస్తోంది. అబ్బాయి ఎగిరి గంతేశాడు: "గండిపేటకు ముందరి మూసీ దొరికింది సార్!"

దొరికిందో లేదో అంత తొందరగా చెప్పలేం. సంగమం దగ్గర కృష్ణకు పెద్ద వరద వస్తే నీళ్లు మూసీలోకి ఎదురెక్కుతాయి. సాగర్ కట్టకముందు ఆ నీళ్లలో కర్ణాటక, మహారాష్ట్ర నల్లరేగడి నిండా ఉండేది. అదే టైటానియం, అదే స్మెక్టైట్, అదే సున్నా దగ్గరి ఎప్సిలాన్. మూసీ నల్లమట్టినీ కృష్ణ నల్లమట్టినీ విడదీసే మూలకం ఏదీ నా ఎరుకలో లేదు, రెండూ ఒకే లావా. కెమిస్ట్రీ చేతులెత్తేసిన చోట భూగోళం చూడాలి. కృష్ణ ఎదురెక్కలేని ఎత్తున, వలిగొండకు పైన, అలాంటి పాత పొర దొరికితే అది మూసీదే. దాంట్లోని ఇసుక రేణువులకు లూమినిసెన్స్ పద్ధతిలో, అంటే చివరిసారి ఎండ తగిలి ఎంతకాలమైందో చూసి, వయసు కట్టించుకోవచ్చు.

నవంబర్

వలిగొండ పైన ఒడ్డు వెంట తిరుగుతున్నాం. చాలాచోట్ల ఇసుక తోడి గుంతలు పెట్టడంతో పొరలు చెదిరిపోయాయి. ఒక రైతు తన బావి తవ్వినప్పుడు నల్లటి జిగట మట్టి పడిందని చెప్పాడు. బావి గోడకు సిమెంటు చేయకముందే వెళ్లి చూడాలి.

ఐసోటోప్ కొలతలకు మాకు దొరికిన స్లాట్లు చాలా తక్కువ. ఏవి పంపాలన్నది ఇప్పుడు తగువు. అనంతగిరి, దేవరకొండ రెండూ తప్పనిసరి, మూలాలు అవే. వాడపల్లి ముదురు పొర పంపుదామని అబ్బాయి పట్టు. అమ్మాయి మాత్రం తన అభ్రకం కవర్ పంపాలంటోంది, పాళ్లు మనకు తెలిసిన మూడు మట్టుల మిశ్రమం ప్రపంచంలో అదొక్కటే కదా అని. ఆ వాదన ముందు వాడపల్లి పొర ఆగాల్సిందే. సంగమం దగ్గర దాని నియోడిమియం ఎంతొచ్చినా ఏ నదిదో చెప్పదని మాకు ముందే తెలుసు. అభ్రకం కవర్‌కు సీలు వేసి, మీద అక్షరం తప్ప ఇంకేమీ రాయకుండా పంపుతున్నాం.